పాత గుంతలో హాజరు

జీవరత్నాన్ని మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. మా విశ్వవిద్యాలయం ఏటా వేసే రంగుల బ్రోచర్‌లో, "అందరికీ సమాన అవకాశం" అన్న మాట కింద, తెల్లకోటు వేసుకుని గాజు సీసా వంక తదేకంగా చూస్తున్న మనిషి ఆమే. పక్కన తలకు స్కార్ఫ్ కట్టుకుని నవ్వుతున్నది నేను. ఒక దళిత అమ్మాయి, ఒక ముస్లిం అమ్మాయి, ఇద్దరిళ్లలోనూ మేమే మొదట చదువుకున్నవాళ్లం. ఒక్క ఫొటోతో సమాన అవకాశాల కమిటీ వాళ్ల పని మొత్తం తీరిపోయింది. ఆ సీసాలో ఉన్నవి క్యాంటీన్ నీళ్లని మాత్రం ఎవరికీ తెలియదు.

నా పేరు రిహానా. మాది రాతిపలకలకు పేరుపడ్డ మార్కాపురం. మా అమ్మ ఖాతూన్‌బీ జాకెట్లు కుట్టి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. విశ్వవిద్యాలయం వాళ్లు మా ఊళ్లో నీళ్ల మీద పరిశోధన కోసం ఒక కేంద్రం తెరిచినప్పుడు కెమిస్ట్రీ వైపు నుంచి నేను, జియాలజీ వైపు నుంచి జీవరత్నం చేరాం. నాకంటే పెద్దది. అక్కా అని పిలుస్తాను.

ఆమె పుట్టింది పలకల ఫ్యాక్టరీ వెనక వీధిలో. వాళ్ల నాయన రాయి చీల్చేవాడు. ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే నల్లరాయి రెండు పలచని రేకులుగా విడిపోయేదట. ఆ దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. ఆమె ఇంటర్ చదువుతుండగా దగ్గి దగ్గి పోయాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడు వల్ల మా వైపు చాలామందికి ఉన్నట్టే ఆమె పళ్లకూ గోధుమరంగు చారలుంటాయి. వాటిని చెయ్యి అడ్డం పెట్టి దాచుకోదు, నోరారా నవ్వుతుంది. నాకు ఆమెలో మొదట నచ్చింది అదే.

రాయి తీసి వదిలేసిన పలకల క్వారీ గుంతల్లో ఏళ్ల తరబడి వాననీళ్లు నిలిచి ఉన్నాయి. వాటిని చుట్టుపక్కల పల్లెలు తాగవచ్చా, తాగకూడదా? ఇదీ ఆమె పీహెచ్‌డీ. వినడానికి చిన్న ప్రశ్న. బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం ఎండలో నిలబడేవాళ్లకు చిన్నది కాదు.

చిక్కల్లా గైడుగారితో వచ్చింది. ప్రొఫెసర్ వెంకటేశ్వర్లు సారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుంటూనైనా కాలక్షేపం చేసేవాళ్లం. ఆయన మంచివాడు. "ఆడపిల్లవు, ఆ గుంతల్లోకి నువ్వెందుకమ్మా? కిరణ్ దిగి నీళ్లు తెస్తాడు, నువ్వు చల్లగా ల్యాబ్‌లో కూర్చుని చూసుకో," అనేవాడు. కిరణ్ ఆయన దగ్గరే చేసే ఇంకో స్కాలర్. మంచి పిల్లవాడే. అతను సీసాలు తెచ్చేవాడు, ఆమె రాసేది. వ్యాసం అచ్చయితే కిరణ్ పేరు పైన ఉండేది, ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో ఉండేది.

అట్లా నడుస్తుండగా థీసిస్ ఇవ్వబోయే ముందు జరిగే సెమినార్‌లో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడగనే అడిగాడు. "పాత గుంత తూర్పు మూల లోతు నీళ్ల లెక్కలేవీ? అసలు ఈ గుంతలోకి మీరెప్పుడైనా దిగారా?" లేదని చెప్పింది. దిగి, ఆ మూల నీళ్లు మీ చేత్తో తెస్తేనే థీసిస్ తీసుకుంటామన్నాడు. అదే వారం కేంద్రంలో సైంటిస్టు పోస్టుకు ప్రకటన వచ్చింది. ఫీల్డు అనుభవం తప్పనిసరి అని రాశారు. దిగనివ్వనిదీ వాళ్లే, దిగలేదని తీసేసేదీ వాళ్లే. నాకు ఒళ్లు మండిపోయింది. జీవరత్నం మాత్రం సారు గదిలోకి వెళ్లి, "నేను దిగుతాను సార్," అని కదలకుండా నిలబడింది. ఆయన సరేనన్నాడు, తనూ వస్తానన్నాడు.

పాత గుంత పెద్దారవీడు వైపు, రోడ్డు వదిలి కంపచెట్ల మధ్యగా పోతే వస్తుంది. మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. నల్లటి రాతి గోడలు పొరలు పొరలుగా కిందికి దిగి ఉన్నాయి, అడుగున పచ్చటి నీళ్లు. మే నెల ఎండల్లో అన్ని నీళ్లుంటే కొంగైనా వాలాలి. ఒక్క పిట్ట లేదు. నీటి అంచున మేకల గిట్టల గుర్తయినా లేదు. ఫోన్ తీసి చూశాను, సిగ్నల్ లేదు.

అక్కడ కాపలా ఉండే నరసింహులు తాత ఒకప్పుడు ఆ క్వారీలోనే పనిచేశాడు. ఎవరు దిగాలన్నా ఆయన గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలవాలి, దిగినవాళ్లు కింది నుంచి "ఉన్నా" అనాలి. పైకి రావాలన్నా ఆయన పిలిచాకే రావాలి. మెట్లు ఇరుకు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పడిపోతారు. క్వారీ మూతపడి ఎన్నేళ్లయినా ఆయన ఆ పద్ధతి వదల్లేదు.

"ఈ పిల్లోడు కిరణ్. సరే. ఈయమ్మి ఎవరి మనిషి సారూ?" అని అడిగాడు.

"పేరుంది తాతా. జీవరత్నం," అన్నాను నేను.

"ఆడోళ్ల పేరు గుంత మీద అరవగూడదు పాపా. గుంత వింటది, విని పట్టుకుంటది. మీ మంచికే చెప్తాండ."

నేను నోరు తెరిచేలోపు సారు నవ్వి, "వాళ్ల ఆచారం, మనమెందుకు కాదనాలి? నా స్టూడెంటని పిలువు," అన్నాడు. నేను జీవరత్నం వంక చూశాను. ఆమె నడుముకు సంచి బిగించుకుంటూ, "ఏదో ఒకటి పిలవండి సార్. ఎండ ముదురుతాంది," అంది. ఆమెకు కావలసింది ఆ నీళ్లు. తగాదా పెట్టుకుంటే వెనక్కి పోదాం పదండంటారని భయపడింది.

ఇద్దరూ దిగారు. కిరణ్ పడమటి వైపు, ఆమె తూర్పు మూలకు. అక్కడ రాయి ముందుకు పొడుచుకొచ్చి ఉండటంతో పైనుంచి ఆమె కనిపించలేదు. తాత అరచేతులు నోటికి అడ్డం పెట్టి పిలిచాడు.

"కిరణూ!"

"ఉన్నా!"

"సారు స్టూడెంటూ!"

రెండు గొంతులు ఒకేసారి "ఉన్నా" అన్నాయి. కిరణ్ కూడా సారు స్టూడెంటే కదా, అలవాటుగా పలికేశాడు. కింద ఇద్దరూ నవ్వుకోవడం వినపడింది, సారు కూడా నవ్వాడు. నవ్వులు ఆగాక, నీళ్ల దగ్గర ఎవరూ లేని చోటు నుంచి, తాపీగా ఇంకో గొంతు వచ్చింది.

"ఉన్నా."

ఆడగొంతు. పెద్దగా ఏమీ లేదు. పనిలో ఉండి తల ఎత్తకుండా జవాబిచ్చినట్టుంది. సారు అప్పటికే జీపు నీడలోకి పోయి కాగితాలు తీశాడు, ఆయనకు వినపడలేదో, వినపడనట్టున్నాడో తెలియదు. నరసింహులు తాత బీడీ ముట్టించుకున్నాడు.

"తాతా, ఎవరది?"

"ఒక గొంతు ఎక్కువ పలుకుతాది పాపా. మేం పట్టించుకోం."

బతిమాలితే చెప్పాడు. రాయి మోసే ఆడవాళ్లను ఎన్నడూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదట. ఫలానావాడి పెళ్లామా, ఫలానావాడి కూతురా అని పిలిచేవాళ్లట. ఒకామెకు మొగుడు లేడు, నాయన లేడు. ఎక్కణ్ణించో వచ్చి పనిలో చేరింది.

"ఏమని పిలవాల? ఎవరి మనిషీ కాదాయె. మందు పేల్చేటప్పుడు అందర్నీ పిలిచినారు, అందరూ పలికినారు, పైకి వచ్చినారు. ఆయమ్మ పిలుస్తారని కిందనే నిలబడి ఉన్నట్టుంది. అప్పటికి నేనింకా పుట్టలే. మా మామ చెప్పినాడు."

"ఆమె పేరేంది?"

"ఎవరికి తెలుసు? ఎవరూ అడగలే."

నాకు దయ్యం అంటే వచ్చిన భయం కన్నా, ఆ "పట్టించుకోం" అన్న మాటకు వచ్చిన కోపం ఎక్కువైంది. ఇంతమంది ఇన్నేళ్లుగా వింటూ బీడీలు కాల్చుకున్నారు.

సాయంత్రం ఇంకా కాకముందే నల్లమల మీద మబ్బు కమ్మింది. చూస్తుండగానే గాలి లేచి ఎర్రదుమ్ము ముఖానికి కొట్టింది. సారు జీపు దగ్గర్నుంచి వచ్చి, "పిలువు, పిలువు, వాన వచ్చేట్టుంది," అని తొందరపెట్టాడు. గుంతలోపల ఏదో జారిన చప్పుడైంది, పళ్లెం బండ మీద పడినట్టు. తాత పిలిచాడు. కిరణ్ పలికాడు, పైకి వచ్చాడు.

"సారు స్టూడెంటూ! పైకి రా!"

"ఉన్నా," అని వినపడింది.

నిలబడ్డాం. ఎవరూ రాలేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ "ఉన్నా." ఈసారి గొంతు ఇంకాస్త దగ్గర్నుంచి, ఇంకాస్త ఆత్రంగా వచ్చింది. ఎన్నాళ్లకో తన వంతు వచ్చిన మనిషి గొంతులా ఉంది.

"పలికిందిగా, వచ్చేస్తుంది. సీసాలు సర్దు కిరణ్," అని సారు జీపు వైపు తిరిగాడు.

"సార్, అది అక్క గొంతు కాదు," అన్నాను. జీవరత్నం గొంతు నాకు తెలియదా? రోజూ ఒకే క్యారియర్‌లో అన్నం తింటాం. ఎవరి మనిషో చెప్పి పిలిచారే గాని ఆమె ఎవరో చెప్పి పిలవలేదు. పేరు లేని ఆ పిలుపును పేరు లేని ఆమె అందుకుంది. పైన ఉన్నవాళ్లకు జవాబు అందింది కాబట్టి అందరూ క్షేమమే. ఇంకాసేపైతే జీపు కూడా స్టార్టు చేసేవాళ్లు.

నేను గట్టు చివరికి పరిగెత్తాను. తాత వెనకనుంచి "వద్దు పాపా, పేరు వద్దు," అని అరుస్తూనే ఉన్నాడు. గొంతు చించుకుని పిలిచాను.

"జీవరత్నం అక్కా!"

ఈసారి ఆ గొంతు పలకలేదు. అప్పుడు తూర్పు మూల నుంచి దగ్గు, దగ్గు వెనకాలే అరిగిపోయిన గొంతు.

"ఉన్నా రిహానా... కాలు ఇరుక్కుంది."

కిరణ్ తాడు తీసుకుని, ఎవరి పిలుపూ లేకుండానే మెట్లు దిగాడు. వాన మొదలయ్యేసరికి ఆమెను వీపున మోసుకుని పైకి తెచ్చాడు. పైనుంచి పలకరాయి రేకు జారి పాదం మీద పడింది. నీళ్ల సీసా పగిలిపోయింది. జీపులో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ముఖం నిండా నల్లదుమ్ము, దాని మీద కన్నీళ్ల గీతలు.

"నోట్లో దుమ్ము పోయి అరవలేకపోయినా," అంది. "తాత పిలిచినప్పుడల్లా నా చెవి పక్కనే ఎవరో ఉన్నా, ఉన్నా అంటా పలుకుతాండారు. ఊపిరి కూడా తగిలింది రిహానా. నా బదులు పలకొద్దమ్మా, నేను ఇక్కడే ఉండిపోతానని మనసులోనే మొత్తుకున్నా. నువ్వు నా పేరు అరిచినావు చూడు, టక్కున ఆగిపోయింది. పక్కకు జరిగి నాకు దారిచ్చినట్టు."

సారు ముందు సీట్లో కూర్చుని అంతా విన్నాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

ఆమె కాలికి కట్టుండగానే కమిటీ సమావేశం పెట్టారు. అదే, మా ఫొటో వేసిన కమిటీ. చైర్‌పర్సన్ పద్మావతి మేడమ్ ఎంతో ఆప్యాయంగా సర్క్యులర్ చదివారు. ఇకమీదట మహిళా పరిశోధకులు గుంతల్లోకి, అడవుల్లోకి దిగనక్కర్లేదు, దానికి బదులు వారికి ల్యాబ్‌లో అన్ని సౌకర్యాలూ కల్పిస్తాం. "అంతా మీ క్షేమం కోసమే తల్లీ," అన్నారు. అక్కడ ఉన్న కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ కాగితం మీద సంతకం పడితే జీవరత్నం థీసిస్ ఇక ఎప్పటికీ పూర్తి కాదు. నాకు గుంత దగ్గర కలిగిన భయం ఆ ఏసీ గదిలో మళ్లీ కలిగింది. ఇంత మంచి మనుషుల మధ్య మనిషి ఎట్లా మాయమైపోతుందో కళ్లారా చూస్తున్నాను.

జీవరత్నం ఊతకర్ర పట్టుకుని లేచింది.

"మేడమ్, పోయినేడు కిరణ్ అదే గుంతలో జారిపడితే చెయ్యి విరిగింది. మగపిల్లలు దిగొద్దని సర్క్యులర్ అప్పుడు ఎందుకు రాలేదు?"

కిరణ్ లేచి, "నిజమే మేడమ్. నాకు సెలవిచ్చి, యాపిల్స్ తెచ్చిచ్చి, చెయ్యి బాగైనాక మళ్లీ పంపినారు," అన్నాడు.

"పడినందుకు నేను కింద ఉండిపోలేదు మేడమ్," అంది జీవరత్నం. "నన్ను నా పేరుతో పిలవనందుకు ఉండిపోయినా. ఇంకొకరు పలికితే నేనే పలికినానని అనుకున్నారు. రిహానా లేకుంటే జీపు వెళ్లిపోయేది. మీరు ఆపాల్సింది నన్ను కాదు."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివరికి, "ఆరోజు సీసాలు సర్దమన్నది నేనే," అన్నాడు. "ఆ సర్క్యులర్ వద్దు మేడమ్. ఆ అమ్మాయి మళ్లీ దిగుతుంది." పద్మావతి మేడమ్ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. చించలేదు. అంతమాత్రానికే ఆ పూట మేం సంతోషపడ్డాం.

వానలు వెనకబట్టాక, ఆమె కాలు నేల మీద గట్టిగా ఆనాక, మళ్లీ వెళ్లాం. ఈసారి సారు రాలేదు. నేను, ఆమె, అంతే. నరసింహులు తాత పేరు పిలవడానికి ససేమిరా ఒప్పుకోలేదు.

"పేరు పిలిస్తే గుంత పట్టుకుంటది అంటివి కదా తాతా. కింద ఉండిపోయిన ఆ తల్లిని పేరు పిలిచినందుకే పట్టుకున్నదా?" అని అడిగింది జీవరత్నం.

తాత తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆమె దిగి, తూర్పు మూలకు పోయి రాయి చాటుకు మరుగైపోయింది. తాత గట్టు అంచుకు వచ్చి చేతులు నోటికి అడ్డం పెట్టాడు.

"జీవరత్నం!"

"ఉన్నా తాతా!"

తర్వాత వచ్చే ఆ రెండో గొంతు కోసం ఇద్దరం చెవులు రిక్కించాం. రాలేదు. నీళ్లు కదలకుండా ఉన్నాయి. అది పలికినప్పటి కన్నా పలకనప్పుడు నాకు ఎక్కువ భయం వేసింది. కింద ఎవరో తన వంతు కోసం ఊపిరి బిగపట్టుకుని ఉన్నట్టు అనిపించింది.

పని అయ్యాక తాత, "జీవరత్నం, పైకి రామ్మా," అని పిలిచాడు. ఆమె ఒక్కో మెట్టూ చూసుకుంటూ వచ్చింది. చేతిలో సీసా, సీసా మీద తన చేత్తో రాసుకున్న తన పేరు. ఆ నీళ్లే ఆమె థీసిస్‌కు చివరి అధ్యాయం అయ్యాయి, ఆ పోస్టు కూడా ఆమెకే వచ్చింది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు ఆమె నా పక్కన కూర్చుని వగరుస్తుంటే నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఇక పోదామని లేచాం. తాత మాత్రం గట్టు అంచు వదల్లేదు. చాలాసేపు నీళ్ల వంక చూసి, ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట అడిగాడు.

"ఇంకెవరమ్మా కింద?"

ఎండ అట్లాగే ఉంది. ఆకు కదల్లేదు. అప్పుడు అడుగున, నీటి అంచు నుంచి, ఆ గొంతే. ఈసారి "ఉన్నా" అనలేదు. బడిలో మొదటిరోజు పంతులు అడిగితే పిల్ల పలికినట్టు, బిడియపడుతూ ఒక పేరు చెప్పింది.

"కోటమ్మ."

జీవరత్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నరసింహులు తాత కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"కోటమ్మా! పైకి రామ్మా!"

కింది మెట్టు మీద పలక ముక్క ఒకటి చిటుక్కుమంది. తర్వాత దాని పై మెట్టు. బరువు మోసుకుంటూ ఎక్కే మనిషిలా, నిదానంగా, ఆగి ఆగి, అడుగులు పైకి వస్తున్నాయి. మెట్లు ఇరుకు. మేం ముగ్గురం దారి వదిలి పక్కకు జరిగాం.